తెల్లగా వచ్చిన స్లైడు

మీరు చేసే పని

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు ముందుగా ఒక సంగతి చెప్పాలి. మీరేం చేస్తారో మీ ఊళ్లో ఎవరికీ తెలియదు. చెప్పినా అర్థం కాదు. అర్థమైనా నమ్మరు. నేను ముప్పై నాలుగేళ్లు నగరంలో ఒక ల్యాబులో పనిచేశాను. ఆపరేషన్లలో తీసిన కండ ముక్కలను మైనంలో పోసి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు స్లైడు మీదికి ఎక్కించి, రంగులు వేసి డాక్టర్లకు అందించడం నా పని. ఇబ్రహీంపట్నంలో మాత్రం నా పేరు "షుగర్ చూసే ఖాజా". ఒక్కనాడైనా ఒక్కరి షుగరూ చూసిన పాపాన పోలేదు.

ఒకసారి ఒక పెళ్లి విందులో బిర్యానీ ముందు కూర్చున్నాను. పక్కనున్న పెద్దమనిషి చొక్కా పైకెత్తి వీపు మీది పుట్టుమచ్చ చూపించాడు.

"ఖాజా భాయ్, జర జూడు. గిదేమన్న ఖరాబ్‌దా?"

"ఊకె జూస్తె తెల్వదు. కోసి చూడాలె" అన్నాను, ఉన్నమాట.

ఆయన ప్లేటు పట్టుకొని వేరే వరుసలోకి వెళ్లిపోయాడు. అప్పటినుంచి విందుల్లో నా పక్క కుర్చీ తరచూ ఖాళీగానే ఉండేది. ఈ ఉద్యోగంలో ఉన్న సుఖాల్లో అదొకటి.

ప్రమోషన్ల గురించి రాయను. రెండొచ్చాయి, రెండింటికీ పని పెరిగింది, కుర్చీ మాత్రం అదే. నేను రాయదలచుకున్నది ఒక తప్పు గురించి. ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలంటే మా నాన్న గురించీ మా మేడమ్ గురించీ కొంత చెప్పాలి.

మెరవకపోతే మళ్లీ పొయ్యిమీదికి

మా నాన్న కళాయి పూసేవాడు. యాచారం, మంచాల చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి ఇత్తడి గిన్నెలకు లోపల తగరం పూత వేసేవాడు. పూత పూశాక గిన్నెలోకి వంగి చూసుకునేవాడు. తన మొహం కనిపించకపోతే, ఇంటివాళ్లు ఏమీ అనకముందే, గిన్నెను మళ్లీ నిప్పుల మీద పెట్టేవాడు. "మెరుస్తలేదు గదా బేటా, ఏం మొహం పెట్టుకొని ఇస్తం?" అనేవాడు. నేను తోలుతిత్తి ఊదుతూ ఆ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ల్యాబులో చేరేటప్పుడు సర్టిఫికెట్లతో పాటు ఆ మాటను కూడా వెంట తీసుకెళ్లాను.

మా పైఅధికారి డాక్టర్ విమల. మీర్‌పేట్‌లో ఉండేది. స్కూటీ మీద వచ్చేది. స్లైడుల గురించి ఆమె మాట్లాడితే వంటింట్లో ఉన్నట్టే ఉండేది. రంగు ఎక్కువైతే "మాడింది", తక్కువైతే "ఉప్పు లేదు", ముక్కలో ముడతలుంటే "ఇస్త్రీ చేసుకొని రా". మా ల్యాబులో ముక్కలను రంగుకు సిద్ధం చేయడానికి నిజంగానే ప్రెషర్ కుక్కర్ ఉండేది కాబట్టి, కొత్తవాళ్లకు మధ్యాహ్నం పన్నెండింటికల్లా ఆకలి దంచేసేది. ఇన్నేళ్లలో ఆమె నోట "బాగుంది" అన్న మాట రెండుసార్లు విన్నాను. ఒకటి నా స్లైడును చూసి. రెండోది మా ఆవిడ పంపిన బగారన్నం తిని.

ఆమె రోజూ అడిగే ప్రశ్న ఒకటుంది. "సాక్షి ఏది?" ప్రత్యేకమైన రంగులు వేసేటప్పుడు స్లైడు అంచున ఒక తెలిసిన ముక్కను కూడా అతికిస్తాం. మా దగ్గర అది టాన్సిల్ ముక్క. దానికి రంగు ఎట్లా రావాలో ముందే తెలుసు. అది సరిగ్గా వస్తే రంగు సరిగ్గా పడిందని అర్థం. దానిని మేము సాక్షి అనేవాళ్లం. సాక్షిని చూడకుండా మేడమ్ రోగి ముక్క వైపు కన్నెత్తి కూడా చూసేది కాదు.

ఆమె తిట్లకు స్టోరు గదిలో కూర్చొని ఒకసారి ఏడ్చాను కూడా. అయినా ఒక మాట చెబుతాను. మెత్తటి బాసుల దగ్గర పని నేర్చుకున్నవాళ్లను చూశాను. సెలవు ఎట్లా అడగాలో వాళ్లకు చాలా బాగా వచ్చు.

బస్టాండులో నర్సింహన్న

ఒకరోజు ల్యాబుకు చిటికెన వేలంత సీసా ఒకటి వచ్చింది. పి53 అనే ప్రోటీను కణంలో ఎక్కడుందో అక్కడ గోధుమరంగు వచ్చేట్టు చేసే మందు అది. మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి బోర్డు మీద బొమ్మలు వేసింది.

ప్రతి కణంలోనూ అన్ని జీన్లూ ఉంటాయట. కానీ అన్నీ ఒకేసారి పనిచేయవు. ఏది ఎప్పుడు తెరుచుకోవాలి, ఏది మూసుకొని ఉండాలి అన్నదాని మీదే కణం బతుకు నడుస్తుంది. పి53 లాంటి ప్రోటీన్లు డీఎన్‌ఏ మీద కొన్ని చోట్లకు పోయి కూర్చుంటాయి. అక్కడి జీన్లు తెరుచుకుంటాయి. డీఎన్‌ఏ దెబ్బతిన్నదనుకోండి, ముందు "ఆగు" అనే జీన్‌ను తెరిపిస్తుంది, కణం రెండుగా చీలకుండా ఆగుతుంది. తర్వాత మరమ్మతు జీన్లు. బాగుపడే దారి లేకపోతే, ఆ కణాన్ని చంపేసే జీన్లు. పి53 తన చేత్తో ఆపదు, అతకదు, చంపదు. ఆ పని చేసేవాళ్లను లేపుతుంది, అంతే.

నాకు తల తిరిగింది. సాయంత్రం ఇబ్రహీంపట్నం బస్టాండులో దిగాక మాత్రం టక్కున అర్థమైంది. అక్కడ కుర్చీలో మా పక్కింటి నర్సింహన్న కూర్చున్నాడు. బస్టాండు కంట్రోలర్. ఆయన బస్సు నడపడు, టికెట్ కొట్టడు, పానా పట్టుకోడు. ఏదైనా బస్సు బ్రేకు కిర్రుమంటే కుర్చీలోంచే "ఏయ్, ఆపు!" అంటాడు. "షెడ్డుకు తోలు" అంటాడు. మరీ పాడైతే "దీని పని ఒడిసింది, పక్కకు పెట్టు" అంటాడు. మిగతాదంతా మిగతావాళ్లు చేస్తారు.

ఇంకో తమాషా కూడా కలిసింది. పి53 తెరిపించే జీన్లలో ఒకటి, పి53నే ఊడ్చిపారేసే ప్రోటీనుదట. అంటే పని అయ్యాక తనను కుర్చీలోంచి లేపేసేవాడిని తనే పిలుచుకుంటుంది. నర్సింహన్న కూడా గొడవ తీరగానే చాయ్ బండివాడిని తనే పిలిచి, కుర్చీ ఖాళీ చేసి అటు పోతాడు. అందుకే మంచి కణాల్లో పి53 అక్కడక్కడే కనిపిస్తుంది, ఒకచోట లేతగా, ఒకచోట ముదురుగా. జీన్ చెడి ప్రోటీను వంకరగా తయారైతే, అది డీఎన్‌ఏను పట్టుకోలేదు. ఏ జీన్‌నూ తెరవలేదు, తనను ఊడ్చే దాన్ని కూడా. అప్పుడది ప్రతి కణంలోనూ పేరుకుపోతుంది. స్లైడంతా ముదురు గోధుమరంగు.

"అంటె కుర్సీలకెల్లి లేవడు, నోరు తెరవడు" అన్నాడు నర్సింహన్న, నేను చెప్పిందంతా విని. "గసొంటోడు నా కంటె ముందు ఈడ పన్జేసిండు లే."

మేడమ్ ఆ రోజు ఇంకో మాట కూడా చెప్పింది. అది చెప్పేసరికి భోజనం వేళ అయింది. నా డబ్బాలో గుత్తి వంకాయ ఉంది. నా నోట్సులో "మంచిది: అక్కడక్కడ", "చెడ్డది: అంతటా" అని రెండు వాక్యాలే ఉన్నాయి. మూడో వాక్యం నేను రాసుకోలేదు.

మూడుసార్లు

కొన్ని నెలల తర్వాత మేడమ్ పదిహేను రోజులు సెలవు పెట్టింది. ఆమె బదులు కిరణ్ అనే కుర్ర డాక్టరు చూస్తున్నాడు. మర్యాదస్తుడు, నన్ను అన్నా అని పిలిచేవాడు. అప్పుడొచ్చింది ఒక గర్భసంచి క్యాన్సర్ ముక్క. ఆపరేషన్ అయిపోయింది, పి53 చూసి చెప్పమని రాశారు. పేరు యాదమ్మ, ఊరు యాచారం. మా వైపు మనిషి కదా, మంచి స్లైడు చేసి ఇవ్వాలనుకున్నాను.

స్లైడును ట్యూబ్‌లైటుకు పట్టి చూశాను. సాక్షి చక్కగా రంగు తీసుకుంది. యాదమ్మ ముక్కలో గోధుమరంగు చుక్క కూడా లేదు. ఇట్లాంటిదాన్ని మేము తెల్ల స్లైడు అంటాం. పాతికేళ్ల అనుభవం ఉన్నవాడికి తెల్ల స్లైడు రావడమంటే నలుగురిలో పంచె ఊడిపోయినట్టే. రెండోసారి చేశాను, కుక్కర్‌లో ఎక్కువసేపు ఉంచి. మళ్లీ తెలుపు. మా నాన్న గొంతు చెవిలో మోగింది. మూడోసారి మందు రెట్టింపు వేశాను, రంగులో రెట్టింపు సేపు ముంచాను. ఈసారి పల్చటి చాయ్ రంగు అక్కడక్కడ వచ్చింది. ఎంత సంబరపడ్డానో! తెల్ల స్లైడులు రెండింటినీ గాజుపెంకుల డబ్బాలో పడేశాను. మళ్లీ చేసినట్టు రిజిస్టరులో రాయలేదు. అది రాసుకోవడం నాకు నామోషీ.

సాక్షి మొదటిసారే సరిగ్గా వచ్చింది. నా రంగు తప్పు కాదని అది మొత్తుకుంటూనే ఉంది. మైక్రోస్కోపులో పెట్టి చూసినా తెలిసేది. నేను మెరుపు కోసం చూశాను తప్ప ముక్కను చూడలేదు.

"అక్కడక్కడ లేతగా ఉందన్నా. నార్మలే" అన్నాడు కిరణ్.

"మస్తు కష్టపడి తెప్పించిన సర్" అన్నాను గర్వంగా.

"థాంక్స్ అన్నా" అని సంతకం పెట్టాడు. ఆ థాంక్స్ తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు చచ్చిపోతుంది.

ఖాళీ కుర్చీ

ఆ తర్వాతి వారం, పొద్దున బస్సు కోసం బస్టాండుకు వెళ్లాను. గేటు పక్కన జామకాయలమ్మే యాదక్క నన్ను చూసి చెయ్యి ఊపింది. కొన్ని నెలలుగా ఆమె కనిపించలేదు. ఆమె యాచారం నుంచి గంప తెచ్చుకుంటుందని తెలుసు. రిపోర్టులోని యాదమ్మ ఈమేనని మాత్రం తట్టలేదు. మా వైపు యాదమ్మలకు కొదవ లేదు.

"సారూ, జర గీ కాయితం సదువు. మంచిగొచ్చిందంటుండ్రు."

చదివాను. ల్యాబు నంబరు చూశాను. నేను మూడుసార్లు చేసిన స్లైడు నంబరే.

"పెద్ద డాక్టరు ముందుగాలనె చెప్పిండు" అంది యాదక్క. "గీ పరీచ్చ మంచిగుంటె ఆపరేషన్‌తోనె సరి. లేకుంటె కరెంటు పెట్టాలె, సూదులియ్యాలె అన్నడు. బతికిపోయిన సారూ. గీ వారమే ఇగ రావద్దని చీటి రాసిస్తరట."

కరెంటంటే రేడియేషన్, సూదులంటే కీమో. నా సంచిలో నాలుగు జామకాయలు వేసింది. వద్దన్నా వినలేదు.

అప్పుడే లోపలినుంచి కేకలు వినిపించాయి. ఆ రోజు నర్సింహన్న కోహెడలో పెళ్లికి పోయాడట, బదులు రావలసినవాడు రాలేదు. రెండు బస్సులు ఒకే చోట మూతులు ఆనించుకొని నిలబడ్డాయి. ముందురోజు బ్రేకు బాగా లేదని నర్సింహన్న పక్కన పెట్టించిన బస్సును ఒక డ్రైవరు స్టార్టు చేస్తున్నాడు.

"గది షెడ్డుకు పోవాలె గదన్నా?" అని అడిగాను.

"వద్దనేటోడు ఎవడున్నడు?" అన్నాడు ఆ డ్రైవరు. చివరికి మెకానిక్ పరుగెత్తుకొచ్చి తాళంచెవి లాక్కున్నాడు కాబట్టి సరిపోయింది.

నేను ఆ కుర్చీనే చూస్తూ నిలబడ్డాను. చాయ్ బండివాడున్నాడు. కండక్టర్లున్నారు. జనమున్నారు. ఆ ఒక్క కుర్చీలోనే మనిషి లేడు. వంకాయ కూర ధ్యాసలో నేను రాసుకోని మూడో వాక్యం అప్పుడు గుర్తొచ్చింది. "కొన్నిసార్లు జీన్ ఎంతగా చెడుతుందంటే, ప్రోటీనే తయారు కాదు. అప్పుడు స్లైడు తెల్లగా వస్తుంది. అది కూడా చెడ్డదే, మర్చిపోకండి." కుర్చీ నిజంగానే ఖాళీగా ఉంది. నేను మూడు పూతలు పూసి అందులో ఒక మనిషిని కూర్చోబెట్టాను. వద్దనేవాడు లేని కణాలు యాదక్క ఒంట్లో ఎక్కడైనా మిగిలి ఉంటే, ఇగ రావద్దన్న చీటీ పట్టుకొని ఆమె ఇంటికి పోతుంది.

బస్సెక్కాను. దారి పొడవునా నాకు తట్టిన అబద్ధాలు అన్నీ ఇన్నీ కావు. తుర్కయంజాల్ వచ్చేసరికి తప్పు ఆ సీసాది. ఇంకొంచెం దూరం పోయాక ఫ్రిజ్‌ది. మీర్‌పేట్ మలుపు దాటేసరికి కరెంటు కోతది. ల్యాబు మెట్లెక్కేసరికి అవన్నీ అయిపోయి నేనొక్కడినే మిగిలాను. చెబితే పాతికేళ్ల పేరు పోతుంది. చెప్పకపోతే ఏం పోతుందో సంచిలో జామకాయల బరువు చెబుతూనే ఉంది.

మాడిన సాక్షి

సెలవు ముగిసి మేడమ్ ఆ రోజే వచ్చింది. హెల్మెట్ కూడా తీయలేదు.

"మేడమ్, తెల్ల స్లైడు పారేసిన. మూడోసారి రంగు ఎక్కువ పెట్టి ఇచ్చిన" అన్నాను ఒక్క ఊపిరిలో.

ఆమె హెల్మెట్‌తోనే నడిచి పోయి, స్లైడు తెప్పించుకొని, అప్పుడు హెల్మెట్ తీసింది. చాలాసేపు చూసింది.

"సాక్షి మాడి బొగ్గయింది ఖాజా. రుచి చూసి ఉప్పు పెంచనీకి ఇది కూరనా?"

స్లైడు తీసి పక్కన పెట్టింది.

"మైనం బ్లాకుల ముక్క ఇంక ఉంది గదా. మళ్ల కొయ్యి. రిజిస్టర్ల రాసి కొయ్యి."

రాసి, కోశాను. రెండు ముక్కలు ముడత పడ్డాయి. ఆ రోజు ఇస్త్రీ మాట ఆమె ఎత్తలేదు. మామూలు కొలతలతో రంగు వేశాను. తెల్లగా వచ్చింది. మేడమ్ నన్ను ఎదురు కుర్చీలో కూర్చోబెట్టి, ఇద్దరు ఒకేసారి చూసే మైక్రోస్కోపులో చూపించింది. క్యాన్సర్ కణాలన్నీ, కణాలు కనబడడానికి అన్నిటికీ అడుగున వేసే ఉత్త నీలం, ఒక్కదానిలోనూ గోధుమరంగు లేదు. వాటి మధ్యలో చిన్న గుండ్రటి కణాలు కొన్ని, లేత గోధుమరంగులో.

"ఇవి ఆమె మంచి కణాలు. ఇదే ముక్కల ఉన్నయ్, ఇదే మందు తగిలింది, రంగు తీసుకున్నయ్. అంటే నీ పనిల తప్పు లేకుండె. తెల్లగ రావుడే నిజం."

"కుర్చీ ఖాళీ" అన్నాను.

"ఏం కుర్చీ?"

నర్సింహన్న సంగతంతా చెప్పాను. నవ్వకుండా విన్నది. తర్వాత వచ్చిన ప్రతి కొత్త బ్యాచ్‌కూ అదే ఉదాహరణ చెప్పింది, తనకే తట్టినట్టు.

కిరణ్‌ను కూడా పిలిచి చూపించింది. "సాక్షిని నేను కూడా చూడలేదు" అన్నాడు తల దించుకొని. మేడమ్ స్వయంగా యాదమ్మ డాక్టరుకు ఫోన్ చేసింది. ఫోన్ పెట్టేశాక నా వైపు తిరిగి అడిగింది.

"ఇట్ల ఇంకెన్ని చేసినవ్?"

ఆమె తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ ఒక్క ప్రశ్న ఒక ఎత్తు. నాకు తెలియదు. రిజిస్టరులో రాయలేదు కదా. ఆ సీసాతో చేసిన ప్రతి కేసునూ వెతికి మళ్లీ కోశాను, మేడమ్ మళ్లీ చూసింది. ఇంకొకటి దొరకలేదు. అది నా అదృష్టం, నా గొప్ప కాదు.

అందుకే మీకు చెబుతున్నాను. తెల్లగా వచ్చిన స్లైడును పారేయకండి. డాక్టరు ముందు పెట్టండి. ఎన్నిసార్లు చేశారో రాయండి. చూడాల్సింది మీ పనితనాన్ని కాదు, ముక్కను.

ఖరాబ్ చేసినోడు

మర్నాడు నేనే యాదక్కకు చెప్పాను. "మల్ల పరీక్ష జేసినం అక్కా. వేరే తీరు వచ్చింది. డాక్టర్ దగ్గరికి పో." ఎందుకు మళ్లీ చేశామో చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

కరెంటు పెట్టారు, సూదులిచ్చారు. జుట్టు రాలిపోయింది. కొన్ని నెలల తర్వాత తలకు తువ్వాల చుట్టుకొని మళ్లీ గేటు పక్కన గంప పెట్టింది. నేను కనిపించగానే బస్టాండంతా వినిపించేట్టు మొదలుపెట్టింది.

"గిగో, గీ సారే! మంచిగొచ్చిన నా రిపోర్టును ఖరాబ్ చేసినోడు! మల్ల పరీచ్చ జెయ్యమని నిన్నెవలు అడిగిండ్రు సారూ?"

అది రోజువారీ కార్యక్రమమైంది. కండక్టర్లకు కంఠతా వచ్చింది. నా బస్సు కదలబోతే నర్సింహన్న డ్రైవరుతో "ఇంక తిట్లు కాలేదు, జర ఆగు" అనేవాడు. నాకు ఏరి మరీ గట్టి కాయలు తూచేది. మా ఆవిడ వాటిని పచ్చడి చేసేది. ఒకసారి మూడు వారాలు యాదక్క కనిపించలేదు. రోజూ గేటు దగ్గర ఖాళీ జాగా చూసుకుంటూ బస్సెక్కేవాడిని. ఎవరినీ అడగడానికి నోరు రాలేదు. నాలుగో వారం వెనకనుంచి గొంతు వినిపించింది.

"ఏం సారూ, నేన్ లేనప్పుడు ఎవల రిపోర్టు ఖరాబ్ చేసినవ్?"

కూతురి కాన్పుకు పోయిందట. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె తిట్టిందంటే ఆ రోజు ఆమె బాగుందని లెక్క.

ఇట్లా ఏళ్లు గడిచాయి. రిటైరైన రోజు దండ సంచిలో పెట్టుకొని బస్సు దిగాను. ఇక రేపటినుంచి ఈ దారి లేదు అనుకోగానే, ఇంకా దాచుకోవడం చేతకాలేదు. గంప ముందు కూర్చున్నాను.

"యాదక్కా, నేను ఖరాబ్ చేసింది రెండో రిపోర్టు కాదు. మొదటిది."

తెల్ల స్లైడు సంగతి మొత్తం చెప్పాను. ఆమె కాయలు తూచడం ఆపేసింది.

"అంటె మొదలు మంచిగుందన్నది అబద్ధమా?"

"అవ్."

"గది నువ్వు జేసిందేనా?"

"అవ్."

"మల్ల నువ్వే పోయి చెప్పుకున్నవా?"

"అవ్ అక్కా."

కొంగుతో మొహం తుడుచుకుంది.

"గట్లయితె ఇన్నొద్దులు నేను తిట్టింది తప్పు గాదు."

"కాదు."

"మంచిగైంది. ఉత్త పున్యానికి తిడుతున్ననేమో అని నాకు ఒక్కొక్కపారి మనసుల గుబులైతుండె."

నా సంచి లాక్కొని, అప్పటికే వేసిన గట్టి కాయలు తీసేసి, పండినవి ఏరి వేసింది. దండ కనిపించింది.

"రేపటిసంది బస్సెక్కవు గదా సారూ. ఇగ నేనెవల్ని తిట్టాలె?"

"రోజు పొద్దుగాల వస్త" అన్నాను. వెళ్తూనే ఉన్నాను.